నా ఈడు క్రిములు

ఊళ్లో కోటలాంటి మా గడీ పోయింది, భూములు పోయాయి. చిక్కడపల్లిలో కిరాయి ఇంటికి వచ్చాక మాకు మిగిలిన మర్యాద ఒకటే: మా గడప తొక్కినవాళ్లు అన్నం తినే వెళ్లాలి. భోజనం చివర అమ్మ పెరుగన్నం చేత్తో కలిపి, అందరి అరచేతుల్లో తలా ఒక ముద్ద పెట్టేది. చుట్టమైనా, అంట్లు తోమే ఆమె అయినా సరే. ఆ ముద్ద పెట్టేటప్పుడు అమ్మ వీపు నిటారుగా ఉండేది. ఆ కాసేపు మేమింకా దొరలమే.

పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో నా భార్యకు టైఫాయిడ్ వచ్చింది. అంతకు ముందు చెల్లెలికి, తర్వాత పక్క వాటాలోని గుమాస్తాకు వచ్చింది. నేను ఇంకేమీ ఆలోచించకుండా అంట్లు తోమే ఆమెను మాన్పించాను.

"నా చేతులల్ల రోగమున్నదా దొరా?" అందామె.

నారాయణగూడలో మా డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చినావిడ. మా ఇంటికొచ్చి, "ఇంట్లో ఇంకెవరికైనా, ఎప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందాండీ?" అని అడిగింది.

"వీడు పుట్టిన ఏడు నాకొచ్చింది," అంది అమ్మ. "ఇర్వై ఒక్క దినం గంజి మీదున్న. గిప్పుడు గదెందుకమ్మా?"

"అందరికీ మలపరీక్ష చేయించాలి. మీకు కూడా."

నేను కుర్చీలోంచి లేచాను. "మా అమ్మ స్నానం చెయ్యంది వంటింట్లకు పోదు. ఆ జ్వరమొచ్చి ముప్ఫై ఏండ్లు దాటింది. ముందు పనామెది చూడండి."

"ఆవిడదీ చూద్దాం. తీసుకురండి."

అశోక్‌నగర్‌లో ఆమె ఇల్లు వెతుక్కుంటూ, మలపరీక్షకు డాక్టరమ్మ ఇచ్చిన సీసా చేతిరుమాలులో చుట్టుకుని వెళ్లాను. ఆమె సీసా వైపు చూసి, "జర కూసోండి దొరా," అంది. "పని మాన్పిస్తిరి. గిప్పుడు నా దొడ్డికి గిరాకీ వచ్చిందా?"

ఆమె పరీక్షలో ఏమీ లేదు. క్రిములు అమ్మ దాంట్లో ఉన్నాయి.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కాలేయం కింద పిత్తం నిండిన చిన్న సంచి. అందులో రాళ్లుంటే టైఫాయిడ్ క్రిములు వాటికి అతుక్కుని, పొర కప్పుకుని ఉండిపోతాయి. చాలా క్రిములను చంపే పిత్తంలోనే ఇవి బతుకుతాయి. మందులు వాటిదాకా సరిగా చేరవు. మనిషికి ఏ బాధా ఉండదు. కానీ క్రిములు మలంతో బయటికొస్తుంటాయి, చేతిని ఎంత కడిగినా ఒక్కోసారి చాలదు.

"మరి నాకెందుకు రాలే?"

"చిన్నప్పుడే తెలియకుండా తగిలి, ఒంటికి అలవాటై ఉంటుందండీ."

ఆ రోజు నుంచి అమ్మ వంటింట్లోకి వెళ్లడం మానేసింది. చెల్లెలు వండి గరిటెతో వడ్డిస్తుంటే, గుమ్మం అవతల గోడకు ఆనుకుని చూసేది. వీపు వంగింది. వారం తర్వాత, "ఆ సంచి కోసి తీసెయ్యుమను," అంది. ఆ వయసులో ఆపరేషన్ ప్రమాదమన్నాను. "ముద్ద పెట్టని చెయ్యి ఉండి ఏం ఫాయిదా రా?"

ఆపరేషన్ అయ్యాక, సంచిలోని రాళ్లను గాజుసీసాలో పోసి నాకు చూపించారు. గోధుమరంగులో, పెసరగింజలంత. ఒకదాన్ని పగలగొట్టి లోపలి పొడి తీసి చూస్తే, అందులోంచి కూడా క్రిములు పెరిగాయట. సీసాను వెలుతురుకు ఎత్తి చాలాసేపు నిలబడ్డాను. నేను పుట్టిన ఏడే అవీ చేరాయి. నేను నడక నేర్చినప్పుడు, గడీ వదిలి బండెక్కినప్పుడు అవీ మాతోనే ఉన్నాయి. ఆ చీకట్లో, ఆ చేదులో, చిన్న రాతిని పట్టుకుని తరతరాలు గడిపాయి. రాతిగోడల మా గడీ నిలవలేదు. అవి నిలిచాయి. వాటి మీద నాకు కోపం రాలేదు, ఒళ్లు గగుర్పొడిచింది.

నా భార్య కోలుకుంది. అమ్మకు మళ్లీ మళ్లీ పరీక్షలు చేశారు. ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పాక, అశోక్‌నగర్ వెళ్లి తప్పు నాదేనని చెప్పి పనామెను పిలుచుకొచ్చాను.

ఆ మధ్యాహ్నం అమ్మ పెరుగన్నం కలిపింది. కలిపి, చెయ్యి పళ్లెంలోనే ఉంచింది. ఎవరి వైపూ చూడలేదు.

పనామె అరచెయ్యి చాపింది. "ఏంది దొరసాని, నా ముద్దేది?"

అమ్మ నా వైపు చూసింది.

"ముందుగాల ఆమెకు పెట్టమ్మా," అన్నాను. నా చెయ్యి ఆమె చేతి వెనక చాపాను.