సాయన్న శనివారం కాపీలు

వైరస్ వచ్చిందని అందరికీ చెప్పాను. వైరస్ రాలేదు. ఆ ఒక్క సంగతి దాచినందుకే ఇది రాస్తున్నాను. దయ్యాల కథ చెప్పాలని కాదు. దయ్యమంటే నవ్వి కొట్టిపారేసే మనిషిని నేను.

వనపర్తిలో ఒక కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటుగా పని చేస్తాను. నాకు పని నేర్పినవాడు లైబ్రేరియన్ సాయన్న. మా కాలేజీలోనే పాఠాలు చెప్పే రాజేశ్వరి మేడం గద్వాల నేతగాళ్ల మీద పీహెచ్‌డీ చేస్తుండేవారు. చదివిన ప్రతి పుస్తకం, వ్యాసం, తీసుకున్న ప్రతి ఇంటర్వ్యూ వివరాలూ నోట్సుతో సహా మా కంప్యూటర్లోని రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్లో ఎక్కించుకునేవారు. ఐదేళ్ల కష్టం అది.

ప్రతి శనివారం మధ్యాహ్నం సాయన్న ఆ సాఫ్ట్‌వేర్ మూసి, దాని డేటా ఫోల్డరు మొత్తాన్ని తన సొంత హార్డ్‌డిస్కులోకి కాపీ చేసేవాడు. అంతటితో ఊరుకోడు. ఆ కాపీని ఇంకో కంప్యూటర్లో తెరిచి, అన్నీ ఉన్నాయో లేదో చూసి, తేదీ పక్కన ‘చూసిన’ అని పేరు పెట్టేవాడు.

“ఎందుకన్నా ఇంత చాదస్తం?” అంటే, “నీ లెక్క గాదురా. నువ్వు టిఫిన్ డబ్బా మూత జూసే కడుపు నిండిందంటవ్” అని నవ్వేవాడు.

ఒక వానాకాలం సాయన్న గుండెపోటుతో పోయాడు. ఆయన చెప్పులు, హార్డ్‌డిస్కు ఒక సంచిలో సర్ది, ముడివేసి, ఉప్పునుంతలలో ఆయన భార్యకు, అంటే వదినకు ఇచ్చి వచ్చింది నేనే. శనివారం పని నా మీద పడింది. ఒక్క శనివారమూ చేయలేదు.

మరుసటి ఎండాకాలం కంప్యూటర్ మొరాయించింది. ఒక సోమవారం ఫార్మాట్ చేశాను. అంతకుముందు డెస్క్‌టాప్ మీదున్న సాఫ్ట్‌వేర్ బొమ్మను పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకున్నాను. డేటా అందులోనే ఉంటుందనుకున్నాను. అది షార్ట్‌కట్ మాత్రమేనని, అసలు ఫోల్డరు వేరేచోట ఉండేదని తర్వాత తెలిసింది.

థీసిస్ ఇవ్వడానికి మేడంకు రెండు నెలలే గడువు. ఆధారాల జాబితా లేకుండా తీసుకోరు. నేను వైరస్ అన్నాను.

“వైరస్ వస్తే నువ్వేం జేస్తవన్నా? పరేషాన్ గాకు. జర రొట్టె తిను” అని తన డబ్బాలోంచి సగం జొన్నరొట్టె తుంచి ఇచ్చారు. ఆ రోజే పాత కాగితాలు ముందేసుకుని మొదటినుంచి టైపు చేయడం మొదలుపెట్టారు.

కొన్ని వారాలకు సాయన్న సంవత్సరీకానికి ఉప్పునుంతల వెళ్లాను. నిరుటి వానాకాలం దాకానైనా డేటా దొరుకుతుందేమోనని వదినను హార్డ్‌డిస్కు అడిగాను. ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ సంచి తీసింది. నేను వేసిన ముడి అలాగే ఉంది.

“ఎవరన్నా తీసిన్రా వదినా?”

“ఎవలు తీస్తరు తమ్మీ? మా ఇంట్ల కంపూటరే లేకపాయె.”

మర్నాడు పొద్దున లైబ్రరీలో పెట్టి చూశాను. సాయన్న పోయిన నాటితో కాపీలు ఆగలేదు. ఆ తర్వాతి శనివారాలవి కూడా వరుసగా ఉన్నాయి. అన్నిటి పక్కనా ‘చూసిన’. చివరిది, నేను ఫార్మాట్ చేసిన సోమవారానికి రెండు రోజుల ముందుది.

సాఫ్ట్‌వేర్ మూశాను. మేడం కొత్తగా ఎక్కిస్తున్న ఫోల్డరు పేరు మార్చి పక్కన పెట్టి, దాని చోట ఆ కాపీని పెట్టి తెరిచాను. అన్నీ వచ్చాయి.

కంప్యూటర్లో తేదీలు తప్పు పడతాయి, ఒప్పుకుంటాను. కానీ గద్వాలలో ఒక నేతగాడితో మాట్లాడి, ఫార్మాట్‌కు ముందటి శుక్రవారమే మేడం ఎక్కించిన ఇంటర్వ్యూ కూడా అందులో ఉంది. అప్పటికి నెలల తరబడి ఆ డిస్కు ట్రంకుపెట్టెలో ఉంది. ఎన్ని విధాల ఆలోచించినా ఇది ఎలా జరిగిందో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. భయం మాత్రం వేయలేదు. సాయన్న పక్క కుర్చీలో కూర్చున్నట్టే అనిపించింది.

మేడం వచ్చి, స్క్రీన్ చూసి, కుర్చీలో కూలబడ్డారు.

“ఏడ దొరికిందన్నా?”

పాత డిస్కులో దొరికిందంటే సరిపోయేది. ఆమె అంతకుమించి అడిగేవారు కాదు.

“మేడం, వైరస్ రాలే. నేనే సూస్కోకుండ ఫార్మాట్ కొట్టిన. మీరు కండ్లల్ల మందేస్కుంట టైపు చేస్తుంటే సూసుకుంట గూడ సప్పుడు చేయలే. తప్పు నాదే. మాఫ్ చేయున్రి.”