తలంటుకున్న మల్లెలు

మల్లెలు కట్టేటప్పుడు మునిరత్నమ్మ మొగం కాస్త పక్కకు తిప్పుకొని కూర్చునేది. అమ్మవారికి పోయే పూలను మనం ముందుగా వాసన చూడకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది. తిరుచానూరు గుడి వీధిలో పూలంగడి పెట్టుకున్న అలివేలమ్మ ఆమె మాల తప్ప ఇంకొకరిది ముట్టేది కాదు.

అలాంటి అలివేలమ్మ ఒక పొద్దున గంప మూత తీసి, చటుక్కున మూసేసింది.

"ఏం రత్నమ్మక్కా, పూలకి తలంటు పోసినావా?"

"ఏందే నీ ఎగతాళి?"

"ఎగతాళి కాదక్కా. మొగం తిప్పుకున్నా షాంపూ వాసన ముక్కుకి కొడతా ఉండాది. అమ్మవారికి యాడ ఇచ్చేది ఇవి? ఆ వాసన పోయినాకనే తీసుకురా."

మునిరత్నమ్మ గంప ఎత్తుకొని ఇంటికొచ్చింది. తన మాల ఎప్పుడూ అలా తిరిగి రాలేదు.

పూల జోలికి పోకుండా గంప, తడిగుడ్డ, చివరికి అరటినార ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. నారదే ఆ వాసన. పూలు కట్టే నారను పెరటి వెనక కాలువలో నానబెట్టడం అత్తగారి నాటి అలవాటు. అప్పుడు పొలం నీళ్లు పారేవి. ఇప్పుడు పక్కనే లాడ్జి లేచింది. కొండ దిగి వచ్చినవాళ్ల స్నానాల నీళ్లన్నీ ఆ కాలువలోకే. తెల్లటి నురగ గట్టు దాకా తేలుతుంది. కప్పల అరుపు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ నార పట్టుకొని లాడ్జి మేనేజరు దేవనాథన్ దగ్గరికి పోయింది.

"వాసన సూడు సామీ."

"మంచి వాసనే కదమ్మా!"

"నీ తలకి మంచిదే. కప్పకి ఎంట్రుకలు ఉండాయా?"

దేవనాథన్ పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక, "మీ ఇంటి నీళ్లు ఎందులోకి పోతాయమ్మా?" అన్నాడు.

మునిరత్నమ్మ ఇంటికొచ్చి చూస్తే తమ స్నానాల గొట్టం కూడా ఆ కాలువలోకే ఉంది.

సాయంత్రం శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు దిగివచ్చిన కోడలు అమలను కూర్చోబెట్టుకొని సంగతంతా చెప్పింది. "నాది చిన్న షాంపూ పొట్లమే కదత్తా" అంది అమల.

"అందరివీ చిన్న పొట్లాలే అమ్మీ."

ఆదివారం అత్తాకోడళ్లు పెరట్లో గుంత తవ్వి, కంకరా ఇసకా పోసి, చుట్టూ మురికిని పీల్చే మెట్టతామర నాటి, స్నానాల గొట్టం కాలువలోకి పోకుండా దాన్లోకి తిప్పారు. అమల కుంకుడుకాయలు కొట్టుకుంది. గోడ మీదినుంచి అంతా చూసిన దేవనాథన్ లాడ్జి వెనక ఇంకా పెద్ద గుంత తవ్వించాడు. గదుల్లో ఊరికే పెట్టే షాంపూ పొట్లాలు మానేశాడు. కాలువ ఒక్కసారిగా తేటపడలేదు. ఎగువన ఇంకా లాడ్జీలున్నాయి. కానీ నురగ పలచబడింది, వానలకు ఒకటీ అరా కప్ప అరిచింది.

కుళాయి నీళ్ల కుండలో నానిన నారతో కట్టిన మాలను అలివేలమ్మ అందుకొని కళ్లకద్దుకుంది. ఆ రోజు మిగిలిన మొగ్గలను మునిరత్నమ్మ కోడలి జడలో తురిమి, తల దగ్గరికి లాక్కొని, గుండెల నిండా వాసన పీల్చుకుంది.

ఇప్పుడు మునిరత్నమ్మ లేదు. మెట్టతామర ఎర్రగా పూస్తూనే ఉంది. మాలలు అమల కడుతుంది. ముందు నార వాసన చూస్తుంది. తర్వాత మొగం పక్కకు తిప్పుకొని మొదటి మొగ్గ అందుకుంటుంది.