గడ్డిచామంతి పసరు

మా టమాటా చేను మదనపల్లె దగ్గరే. మా ఆయన లారీ మీద పోతే వారాల తరబడి రాడు కాబట్టి కలుపు తీసేది నేనూ మా అత్తా. గట్ల మీద వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది. పీకుతాం, వాన పడితే మళ్ళీ లేస్తుంది. దాన్ని పీకి పీకి నేనే అరిగిపోయాను.

మొదట మోచేతుల మడతల్లో దురద పుట్టింది. తర్వాత మెడకూ కనురెప్పలకూ పాకింది. గోకి గోకి చర్మం చింతబెరడులా తయారైంది. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. పుంగనూరులో చూపిస్తే ఆయింట్‌మెంటు ఇచ్చారు. పూసినన్నాళ్ళు తగ్గేది, మానగానే మళ్ళీ మొదలు.

అత్తకు ట్యూబు మందుల మీద నమ్మకం లేదు. తెగినా గీరుకున్నా మా వైపు అందరూ చేసేదే ఆమె చేసింది. గడ్డిచామంతి ఆకు అరచేతిలో నలిపి నా చేతులకూ మెడకూ పసరు పిండేది.

"మంటగా ఉండాది అత్తా."

"మండితేనే మ్మా, మందు పనిచేస్తాండేది. ఓర్చుకో."

ఓర్చుకున్నాను. పొద్దున్నే నాకోసం గట్టంతా వెతికి ఆకు తెచ్చే మనిషిని వద్దనడానికి నోరు రాలేదు.

చివరికి పలమనేరు మీదుగా ఇద్దరం కుప్పం ఆసుపత్రికి వెళ్ళాం. చర్మం డాక్టరమ్మ ఏది పడదో చూడ్డానికి నా వీపుకు ఒక్కో రకం సారం పెట్టిన చిన్న చిన్న బిళ్ళలు అంటించి, రెండు రోజులాగి రమ్మంది. మళ్ళీ అంత దూరం. వయ్యారిభామ బిళ్ళ కింద చర్మం ఎర్రగా పొంగింది.

ఎందుకో డాక్టరమ్మ చెప్పింది. చర్మంలో కాపలా కణాలుంటాయట. మనం తల్లి కడుపులో ఉండగానే వచ్చి చేరి, అక్కడే తమ సంతతిని పెంచుకుంటూ ఉండిపోతాయట. పైనుంచి ఏదొచ్చినా ఒక ముక్క పట్టుకుని, చంకల్లోని గ్రంథులకు మోసుకుపోయి అక్కడి కణాలకు చూపిస్తాయట. అది శత్రువని అవి ఒకసారి నేర్చుకుంటే, మళ్ళీ తగిలినప్పుడల్లా గుంపుగా వచ్చి పడతాయి. మరిచిపోవు. అంటే నన్ను ఇంత బాధ పెడుతున్నది నా ఒళ్ళే. కంచే చేను మేసినట్టు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేదు.

"ఇంకేమైనా పూస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

అత్త సంతోషంగా ముందుకు జరిగింది. "గడ్డిచామంతి పసరు తల్లీ. దినమూ నేనే పిండుతాండాను."

"అది కూడా వయ్యారిభామ కుటుంబమేనమ్మా. ఈమె ఒంటికి రెండూ ఒకటే."

ఇక ఆకు తాకించొద్దంది. నన్ను చేనికి పోవద్దంది. పోయొచ్చినవాళ్ళు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే నా దగ్గరికి రావాలంది.

"ఎన్నాళ్ళు పోకూడదు?" అన్నాను.

"ఆ మొక్క ఉన్నన్నాళ్ళు."

ఆ మొక్క లేని గట్టును మా వైపు నేను చూడలేదు. తిరుగు బస్సులో అత్త తన చేతులు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

ఇప్పుడు కలుపు ఆమె ఒక్కతే తీస్తుంది. నా దురద చాలావరకు తగ్గింది. సాయంత్రం ఆమె నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని, అరుగు ఆ చివర కూర్చుంటుంది. ఒంటరిగా చేసిన చాకిరీ ఆమె నడుములో కనిపిస్తుంది. చూసి నాకు ఏడుపొస్తుంది.

"ఈడికి రా అత్తా. నా తల దువ్వుదువు గాని."

ఆమె తన అరచేతులు వాసన చూసుకుంటుంది.

"రేపు దువ్వుతాలే మ్మా. ఆకు వాసన ఇంకా పోలా."