పాలిష్ లేని కుర్చీ

మా వదినని వీధంతా పాలిషమ్మ అంటారు. మా అన్నయ్య వడ్రంగి. ఆయన చేసిన బల్లలకీ బీరువాలకీ మెరుగు పెట్టేది ఈవిడే. పెళ్లయ్యేనాటికి పాలిష్ గుడ్డ ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. అన్నయ్యే దగ్గర కూర్చుని నేర్పాడు. కొన్నాళ్లకి గురువుకే తప్పులు పట్టే దాకా వచ్చింది. "ఇక్కడ చిత్రిక సరిగ్గా పట్టలేదు, మళ్లీ పట్టు" అని ఆయనకే పని చెప్పేది.

అందరి సామానూ తళతళలాడించిన ఆ ఇంట్లో ఒక్క కుర్చీకి మాత్రం పాలిష్ లేదు. అమ్మకానికి చేసేవాటికి అన్నయ్య చేవ తేలిన కర్రే వాడేవాడు. ఇంటి కుర్చీని మాత్రం మిగిలిపోయిన ముక్కలతో, చేవ లేని తెల్ల కర్రతో కానిచ్చేశాడు. వదినేమో "మన కుర్చీ ఎక్కడికి పోతుంది, ముందు బయటి పని కానీ" అంటూ వాయిదా వేసింది. అలా వాయిదాలు వేస్తుండగానే అన్నయ్య పోయాడు. ఆ తర్వాత దానికి గుడ్డ తగిలించడానికి ఆవిడకి చేతులు రాలేదు. ఎవరినీ అందులో కూర్చోనివ్వలేదు కూడా.

నేను పురుగుల మీద పరిశోధన చేసేచోట పనిచేస్తాను. వదిన నన్ను పురుగుల డాక్టరమ్మా అని ఏడిపిస్తుంది. ఒక సాయంత్రం వెళితే, మాట్లాడొద్దని సైగ చేసి, కుర్చీ వెనక కాలికి చెవి ఆనించమంది. కర్... కర్... ఎవరో తీరిగ్గా పెన్సిల్ చెక్కుతున్నట్టుంది. కాలి దగ్గర నేలమీద పిండిలాంటి పొట్టు.

"పెంకుపురుగు పిల్ల. పూత లేని చెక్క కదా, పగుల్లో తల్లి గుడ్డు పెట్టిపోయింది. ఇలాగే వదిలేస్తే కుర్చీ గుల్లయిపోతుంది వదినా. మా దగ్గర చలిగది ఉంది. కొన్నాళ్లు అందులో పెడితే పురుగు చస్తుంది, కుర్చీ దక్కుతుంది."

"చప్పుడు పోతుంది కదా," అంది వదిన. "ఈ ఇంట్లో ఉన్న చప్పుడల్లా అదే."

నాకు ఒళ్లు మండింది. అన్నయ్య చేతిపనిని పురుగు తినేస్తుంటే ఈవిడ కూర్చుని వింటోంది! నా మొహం చూసి తనే మాట మార్చింది.

"అవునుగానీ, ఇంత గట్టి చెక్క దానికెలా అరుగుతుంది?"

నా సబ్జెక్టు అడిగితే నేనిక ఆగను. చెట్టు కణాల చుట్టూ గట్టి గోడలుంటాయనీ, వాటిని కరిగించే రసాలు చాలా జంతువులకి సొంతంగా లేవనీ మొదలెట్టాను. చాలా రకాల చెదపురుగులు ఆ పనికి కడుపులో సూక్ష్మజీవుల్ని ఉంచుకుంటాయి, ఇంట్లో వంటవాళ్లని పెట్టుకున్నట్టు. ఈ పెంకుపురుగుల పూర్వీకులకి మాత్రం కోట్ల ఏళ్ల కిందట బాక్టీరియా నుంచీ శిలీంధ్రాల నుంచీ ఆ రసాలు చేసే జన్యువులే వచ్చి చేరాయి. తల్లి నుంచి పిల్లకి దిగుతూ, నకళ్లు పెరిగి, ఆ నకళ్లలో మార్పులొచ్చి, గోడలోని వేరువేరు పదార్థాలకి వేరువేరు రసాలు తయారయ్యాయి.

"అంటే పుట్టుకతో వాళ్ల వంశంలో ఉన్న విద్య కాదన్నమాట," అంది వదిన. "నాదీ అంతేగా. మీ అన్నయ్య నేర్పిన పనితోనే ఇవాళ్టికీ తింటున్నాను."

"అంతే వదినా."

"ఇప్పుడు దానికి వంటవాళ్లు కూడా అక్కర్లేదు. అదొక్కటే వండుకుని, అదొక్కటే తింటుంది."

నవ్వబోయి ఆగిపోయాను.

"కాకపోతే అవి పిల్లలకిచ్చుకున్నాయి. నేనెవరికివ్వను?"

వదినకి పిల్లల్లేరు. నాకు చాలా జాలేసింది, అలా జాలిపడుతున్నందుకు నామీద నాకే కోపమొచ్చింది. చలిగది సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "మీవాడు ఇవాళ పొద్దున్నే పనిలోకి దిగాడు" అనో, "చలికి బద్ధకించాడు" అనో పురుగు కబుర్లు చెప్పేది. ఎండలు ముదిరాక ఒకరోజు "మీవాడు పలకట్లేదు" అంది. గొంతు బాగాలేదు. వెంటనే వెళ్లాను.

కుర్చీ వెనక కాలికి కొత్తగా ఒక కన్నం. పిల్ల ఎదిగి, రెక్కలొచ్చి, తొలుచుకుని బయటపడి కిటికీలోంచి వెళ్లిపోయినట్టుంది. రెక్కలొచ్చాక ఎక్కువకాలం బతకదన్న సంగతి నేను చెప్పలేదు.

"చెప్పాపెట్టకుండా పోయాడు," అంది వదిన. "మీ అన్నయ్యలాగే." ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాలు తట్టి చూశాను. లోపల కాస్త గుల్లగా ఉన్నా బరువు మోస్తుంది. "ఇప్పటికైనా పాలిష్ వెయ్యి. పూత పడితే ఇంకో పురుగు గుడ్లు పెట్టదు. అన్నయ్య చేసింది నీకు మిగులుతుంది," అన్నాను. సరేనంది.

మళ్లీ వెళ్లేసరికి కుర్చీ అద్దంలా ఉంది. "కూర్చో," అంది. అన్నయ్య పోయాక ఆ మాట అనడం అదే మొదటిసారి. కూర్చుని, ముందుకి జరుపుకుందామని సీటు కింద చెయ్యి పెట్టాను. గరుగ్గా తగిలింది. లేచి వంగి చూస్తే అడుగంతా తెల్లగా, పూత లేకుండా ఉంది. బయటివాళ్ల బల్లలకి కూడా అడుగున రెండు పూతలు వేసే మనిషి మా వదిన.

"ఇదేంటి వదినా, అడుగు వదిలేశావ్?"

వదిన కిటికీ రెక్కలు బార్లా తీసి, గాలికి మూసుకుపోకుండా ఒక చెక్కముక్క అడ్డం పెట్టింది.