ఉత్త అన్నం తినని బ్యాక్టీరియా

నిన్న చేపల జెట్టీ దగ్గర ఏదో బోటు ఇంజన్ ఆన్ చేశారు, డీజిల్ వాసన గుప్పుమంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు, నాకైతే ఆకలేసింది. ల్యాబ్‌లో అలాంటి చమురు వాసన మధ్యే చేపల పులుసు తినడం నాకు అలవాటు చేసిన మనిషి నూకరత్నం మేడం. విశాఖలో నాకు పరిశోధన నేర్పిన గురువు ఆవిడ.

మేడం జాలరి ఇంటి ఆడపిల్ల. ఓడల నుంచి కారిన చమురు వాళ్ళ నాన్న వలకి అంటుకుంటే చిన్నప్పుడు కిరోసిన్‌తో కడిగేవారట. ఆ చమురుని తినే బ్యాక్టీరియా సముద్రంలోనే ఉందని కాలేజీలో చదివిన రోజు నుంచి ఆవిడకి మరో ధ్యాస లేదు. తొంభైల చివర్లో నేను ఆవిడ ల్యాబ్‌లో చేరాను. పోషకాలు కలిపిన నీళ్ళలో మా బ్యాక్టీరియా చమురుని ఎంచక్కా తినేది. ఉత్త సముద్రపు నీళ్ళలో వేస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నల్లటి తెట్టు పైన అలాగే తేలేది. ఇందులోనూ పోషకాలు వేద్దామంటే మేడం ససేమిరా ఒప్పుకునేవారు కాదు.

"సముద్రంలో లేనిదేటుందే? మమ్మల్నందర్నీ సాకింది అదే కదా," అనేవారు. దేన్నయినా అనుమానించే మనిషి, సముద్రాన్ని మాత్రం ఒక్క మాట అననిచ్చేవారు కాదు.

నాకేమో గడువు దగ్గరపడింది. మా నాన్న కూర్మన్నపాలెంలో ఉంటూ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. "ఈ ఏసవికి తేలకపోతే ఆ సీసాలు ఒగ్గేసి బీఈడీ సెయ్యమ్మా," అని తేల్చేశారు. వేసవి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం దిగులుతో, కూరైనా తెచ్చుకోకుండా వరండాలో కూర్చుని తెల్లన్నం మింగుతున్నాను. మేడం చూశారు.

"ఏటే, ఉత్తన్నం తింతన్నావు? గొంతెలా దిగుద్ది?" అంటూ తన క్యారియర్‌లోంచి పులుసు తీశారు. గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఓలమ్మా, నానూ అదే సేత్తన్నాను కదే. మన బ్యాక్టీరియాకి సవురొక్కటే పోసి తినమంతన్నాను."

భోజనాలు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాం. చమురులో లేని నత్రజని కోసం చిటికెడు యూరియా, దానికి తోడు కాస్త ఫాస్ఫేటు వేశాం. సముద్రాన్ని తక్కువ చేశానని కాబోలు, వేసేటప్పుడు మేడం మొహం చిన్నబోయింది. కొన్నాళ్ళకి తెట్టు పగిలింది, ముక్కలైంది, నీళ్ళు పాలలా మసకబారాయి. వాటి నిండా మా బ్యాక్టీరియానే. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. నాకు ఏడుపొచ్చింది కూడా.

మేడం తిన్నగా ఫోన్ దగ్గరికి వెళ్ళి మా నాన్నకి చేశారు. ప్రయోగం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"అన్నయ్యగారూ, పిల్లని బీఈడీకి పంపకండి. నాకు కావాల."

నేను కావాలని నా చదువు విషయంలో అంతవరకూ ఎవరూ అనలేదు. ఇప్పుడు నాకూ ఒక ల్యాబ్ ఉంది. ఏ పిల్లయినా ఇంట్లోవాళ్ళు మానెయ్యమంటున్నారని చెబితే, ముందు వాళ్ళింటి నంబరు అడుగుతాను.