ఆక్సిజన్ పట్టించిన చీము

గాలి సోకితే చచ్చిపోయే సూక్ష్మజీవులను రోగి పుండులోంచి ప్రాణాలతో తెప్పించి పెంచడం నెల్లూరులో నా వృత్తి. ఇంత సుకుమారమైన జీవులు మనిషి కాలును కుళ్లబెట్టగలవంటే, సృష్టికర్తకు క్రమశిక్షణ కొరవడిందనే నా అభిప్రాయం.

విడవలూరు వైపు చేపలు పట్టే ఒకాయన పాదంలో జెల్లచేప ముల్లు దిగి చీము పట్టింది. అక్కడి సర్జను దూదిపుల్లతో అద్ది పంపిన ప్రతిసారీ మా దగ్గర ఏమీ పెరగలేదు. దూదికి తగిలే గాలికే అవి దారిలో చస్తున్నాయని నా అనుమానం. మందులకు పుండు లొంగడం లేదు. ఈసారీ క్రిమి జాడ తెలియకపోతే పాదం తీసేస్తానన్నాడు. చీమును సిరంజిలోకి లాగి, గాలిబుడగ మిగలకుండా చూసి, సూదిమొనకు రబ్బరు బిరడా గుచ్చి పంపమని ఫోనులో మందలించాను.

మధ్యాహ్నం రోగి బావమరిది వచ్చాడు. చేతిలో సిరంజి లేదు. పూరీలా ఉబ్బిన ప్లాస్టిక్ సంచి ఉంది. దాని అడుగున చీము.

"ఏమిటయ్యా ఇది?"

"బతికుండేది, చావనీకుండా తీసకపో అని నర్సక్క చెప్పింది సార్. నేను రొయ్యపిల్లల హేచరీలో ప్యాకింగు చేస్తా. దోవలోనే గదా అని ఆగి, సిరంజిలోది సంచిలోకి పిండి ఆక్సిజన్ కొట్టించినా. మా రొయ్యపిల్లలు ఇట్టానే మద్రాసు దాకా పోయినా చావవు!"

"ఆ ఆక్సిజనుకే చస్తాయయ్యా!"

అతడు నన్ను జాలిగా చూశాడు. "గాలికే చచ్చేది మా బావనెట్టా తింటా ఉండాది సార్?"

ప్రశ్న సహేతుకమే. "గాలి చొరని మాంసంలో దాక్కుని తింటుంది" అన్నాను.

అతడు సంచిని బల్లమీద పెట్టేశాడు. "అయితే బావ కాలు నా వల్ల పోతాదా?"

ఓదార్పు నేను చదివిన పాఠ్యాంశాలలో లేదు. కారు తీశాను.

సర్జను చేత నా కళ్లముందే మళ్లీ చీము లాగించాను. తిరుగుప్రయాణంలో బావమరిది సిరంజిని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయాడు. కొంతదూరం వెళ్లాక సన్నగా అడిగాడు: "సార్, నేను ఊపిరి పీల్చుకోవచ్చునా?"

"నువ్వు పీల్చు. దానికి పెట్టకు."

ఆక్సిజన్ లేకుండా చేసిన జాడీలో ఆ చీమును పెంచాం. జాడీ తెరిచిన రోజు గదంతా మురుగుకంపు కమ్ముకుంది. నాకు పరమానందం. ఫలితం కోసం వచ్చిన బావమరిది ముక్కు మూసుకున్నాడు. "ఛీ! ఉప్పుచేపే నయం సార్!"

"శుభవార్త అలాగే ఉంటుంది. చెయ్యి తియ్యి."

క్రిమి తెలిశాక సర్జను మందు మార్చాడు. చిటికెనవేలు పోయింది, పాదం నిలిచింది. కొన్నాళ్లకు మత్స్యకారుడే కుంటుతూ మా గడపకు వచ్చాడు.

"నాలుగు వేళ్ల కాలికి రేటు తగ్గించమంటే చెప్పులషాపోడు కొట్టేదానికి వచ్చినాడు సార్!"

చెప్పులు వరుసలో విడిచి లోపలికి రమ్మన్నాను.