మూడుసార్లు ఓడిన కానాగంత

మా సందులో మినోవా తోకిజి ఓడిపోయిన సంగతి అతనికంటే ముందు సెలూన్లో తెలిసింది. అక్కడ తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు తిరగేసే బొమ్మల కథల వారపత్రికలో వచ్చింది మరి. అందులో 'గరిటెల పోరు' అని ఒక కథ వారం వారం వచ్చేది. పదిహేనేళ్ల పిల్ల ఒకతి ఊరూరా తిరిగి చెయ్యి తిరిగిన వంటవాళ్లతో పందెం కడుతుంది, మధ్యలో తీర్పరి కూర్చుంటాడు, రెండు గిన్నెలు వస్తాయి, ఒకటి గెలుస్తుంది. కథంతా ఇంతే. అయినా జనం ఎగబడి చదివేవాళ్లు. ఆ వారం ఆ పిల్ల చేతిలో ఓడిన ముసలాడికి తోకిజి ముక్కు ఉంది, తోకిజి తలగుడ్డ ఉంది, వెనకాల గోడమీద రెండూ ఇరవైకి ఆగిపోయిన తోకిజి గడియారం కూడా ఉంది. ఓడిన వంట కానాగంత చేపకి మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, పట్టించి చేసే కూర. ఒసాకా రేవు పక్కన మా తైషో పేటలో ఆ కూర తినని మగాడు లేడు.

నా పేరు ఫుసయే. మాది సోయా పాలు విరిచి టోఫు చేసే కొట్టు. తోకిజి హోటలు వెనక గుమ్మం, మా వెనక గుమ్మం ఎదురెదురు. నలభై నాలుగేళ్లు రోజూ పొద్దున్నే అతనికి టోఫు అందించాను. కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుంది. కాదనేవాళ్లుంటే నా మొహం మీదే అనండి.

తోకిజి పదిహేనో ఏట ఓడ మీద వంటింట్లో బియ్యం కడిగే పనికి చేరాడు. ఇరవై తొమ్మిదో ఏట ఓడ దిగి మా సందులో హోటలు పెట్టాడు. ఎనిమిది కుర్చీలు, ఒక బల్ల. తినడానికొచ్చేది రేవులో మూటలు మోసేవాళ్లు, ఇనుం కరిగించేవాళ్లు. ఒళ్లంతా చెమట పట్టి వచ్చేవాళ్లకి ఉప్పు కావాలి. అందుకే ఎర్ర మిసో చిక్కగా పట్టించి, చక్కెర, అల్లం దండిగా వేసి, చేపకి నల్లటి పూత పట్టేదాకా ఉడికించేవాడు. ఒక ముక్కతో మూడు గిన్నెల అన్నం లోపలికి పోయేది. రేవులో పని తగ్గింది, మనుషులు మారారు, తోకిజి చెయ్యి మాత్రం మారలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అతని పెళ్లాం సుమియె కీషూ వైపు పిల్ల. అక్కడ కొండల నిండా పుల్లటి కాయలు కాసే ఉమె చెట్లే. ప్రతి జూన్‌లో పుట్టింటి నుంచి కాయలొచ్చేవి, జాడీలో ఉప్పేసి ఊరబెట్టేది. దవడలు లాగేసేంత పులుపు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఆ ఊరగాయ వేసి తన పద్ధతిలో కానాగంత వండి పెట్టిందట. ఈ మహానుభావుడు తిని, "చేపలో పులుపేంటి? హోటల్లో ఇది నడవదు" అన్నాడట. ఆవిడ మరి ఆ ఊసెత్తలేదు. నవ్వుతూ చెప్పింది నాతో. నాకైతే గిన్నె నెత్తిన బోర్లించాలనిపించేది.

ఇక ఈ బొమ్మలు గీసిన మనిషి. చిహారు అని, ఇరవై ఏళ్ల కిందట మా మేడమీద గదిలో అద్దెకుండేది. రోజంతా వంగి కూర్చుని గీసేది, తిండి ధ్యాస ఉండేది కాదు, గడ్డిపరకలా ఉండేది. డబ్బులున్న రోజు తోకిజి దగ్గర కానాగంత తినేది. బుధవారం హోటలుకి సెలవు. తోకిజి గాలం పట్టుకుని రేవు గోడ మీదకి పోయేవాడు. అప్పుడు సుమియె వెనక గుమ్మంలోంచి పిలిచేది. "ఏయ్ చిహారూ, కిందికి రావే, అన్నం చల్లారిపోతోంది." ఆ పిల్ల "వస్తున్నా పిన్నీ" అంటూ మెట్లు దిగేది. ఏం పెట్టేదో నేను చూశాను. ఆ ఊరగాయ కానాగంతే. చిహారు నాలుగేళ్లుండి, పేరొచ్చి, తోక్యో వెళ్లిపోయింది. సుమియె పదకొండేళ్ల కిందట పొట్టలో జబ్బు చేసి పోయింది.

పత్రిక వచ్చింది ఆ తర్వాత అయిదేళ్లకి. తీసుకెళ్లి తోకిజి చేతిలో పెట్టింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే. అతను పొయ్యి ముందు నిలబడే చదివాడు. బొమ్మలో తీర్పరి మొదటి ముద్ద తిని కళ్లు మూసుకుంటాడు. రెండోది తిని తల ఊపుతాడు. తర్వాత అన్నం తినే పుల్లలు కింద పెట్టి, "మొదటి ముద్ద బ్రహ్మాండం. మూడో ముద్దకి నాలుక అలిసిపోతుంది" అంటాడు. తోకిజి అక్కడే పత్రిక మూసి పాత నూనె డబ్బాలో పడేశాడు. కుర్చీ ఎక్కి, గోడకి వరసగా వేలాడే కూరల పేర్ల చెక్కల్లోంచి 'కానాగంత' చెక్క పీకేశాడు.

"ఇదేంటయ్యా? పిల్ల సరదాకి గీసింది."

"నీ టోఫు గురించి గీస్తే తెలిసేది నీ సరదా."

"నా టోఫుకి నాలుక అలిసిపోదులే."

"పోవే, పో!"

ఆరోజు నుంచి మినోవా హోటల్లో కానాగంత లేదు. ఎవరైనా అడిగితే "చచ్చింది" అనేవాడు. మరుసటేడు ఆ కథనే బొమ్మలు కదిలేలా చేసి టీవీలో వేశారు. ఈసారి ఆవిర్లతో, పాటతో, రంగుల్లో ఓడిపోయాడు. ఇక ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు దిగడం మొదలుపెట్టింది. "తాతా, ఆ ఓడిపోయే చేప ఉందా?" అనడం, ఆగిపోయిన గడియారంతో ఫొటో దిగడం. తోకిజి నీళ్ల బకెట్టు పట్టుకుని తరిమేవాడు. ఇంకెవరైనా అయితే దాన్నే అమ్ముకుని మేడ కట్టేవాడు.

పోయిన శీతాకాలం మయుకో అనే అమ్మాయి వచ్చింది. టీవీ నాటకాల్లో నటులు తినే తిండి వండిపెట్టడం ఆమె పని. అలాంటి సామానుని వాళ్ల భాషలో 'మాయమయ్యేవి' అంటారట. 'గరిటెల పోరు'ని ఇప్పుడు మనుషులతో తీస్తున్నారు.

"తాతగారూ, మీ కానాగంత మీ చేత్తోనే వండాలని చిహారు గారు పట్టుబట్టారండీ. ముప్పై ముక్కలు కావాలి. ఒక్కో సన్నివేశం పదిసార్లు తీస్తారు."

"అంటే మూడోసారి ఓడిపోవడానికి నన్నే పిలుస్తున్నారన్నమాట. అదీ నేనే వండుకొచ్చి!"

మయుకో తల దించుకుంది. పాపం ఆ పిల్లదేం తప్పు? తరిమేస్తాడేమోనని నేను బకెట్టు వంక చూశాను. తోకిజి చాలాసేపు గడ్డం గోక్కుని, "వస్తా" అన్నాడు.

ఆమె వెళ్లాక నాతో అన్నాడు. "కాగితం మీద చేపని ఎవడైనా ఓడిస్తాడు. నోట్లో పెట్టుకున్నాక పుల్లలు కింద పెట్టమను చూద్దాం. అక్కడ కూడా ఓడితే హోటలు మూసేస్తా. డెబ్బై ఆరేళ్లొచ్చాయి, చాలు."

"నువ్వు మూసేస్తే నా టోఫు ఎవడు కొంటాడయ్యా?"

"అందుకే నువ్వూ రా. అల్లం మోద్దువుగాని."

వెళ్లాను. రేవులో ఖాళీ గోదాంలో తోకిజి హోటలు కట్టేశారు. ఎనిమిది కుర్చీలూ అవే, గడియారంలో రెండూ ఇరవయ్యే. తోకిజి పొద్దున్నే చేపలు తెచ్చుకుని, మరిగే నీళ్లు పోసి నీచు తీసి, ఆరేళ్ల తర్వాత ఆ కూర వండాడు. ఆ వాసనకి దీపాలు పట్టుకునేవాళ్లు కూడా తలలు తిప్పారు. నిజం చెప్తున్నాను, అంత బాగా అతను ఎప్పుడూ వండలేదు.

తీర్పరి వేషగాడు పెద్దమనిషి. కూర్చున్నాడు, మొదటి ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు, రెండోది తిని తల ఊపాడు, పుల్లలు కింద పెట్టాడు. ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. తోకిజి ఆశపడ్డాడు గానీ, ఆయన మూడో ముద్దకి ఎగబడలేదు. "చాలా బాగుందండీ" అని ఇటు తిరిగి దణ్ణం పెట్టి, నోరు పుక్కిలించడానికి వెళ్లాడు. ఇంకోవైపు నుంచి మళ్లీ తీశారు. మళ్లీ రెండు ముద్దలు, మళ్లీ పుల్లలు కిందికి.

తోకిజి గరిటె పక్కన పెట్టేశాడు. ఒక పెట్టె మీద కూలబడ్డాడు.

"ఆయన నటుడయ్యా! పెట్టమన్నారు, పెట్టాడు" అన్నాను.

"సుమియె కూడా అంతే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆస్పత్రికి రోజూ ఇదే పట్టుకెళ్లేవాణ్ని. రెండు ముద్దలు తిని, బాగుందండీ అని పుల్లలు పక్కన పెట్టేది. జబ్బు కదా, సయించట్లేదనుకున్నా. ఆ పత్రికలో మాట చదివాక అనుమానం మొదలైంది ఫుసయే. జబ్బు వల్ల పెట్టేసేదా, నా కూర వల్లా? ముప్పై ఏళ్లూ నా మొహం చూసి తిందా?"

నలభై నాలుగేళ్లలో అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. లేకపోతే టోఫూ అనేవాడు. ఆరేళ్లుగా చిహారు మీద కోపమనుకుని ఎన్ని వేళాకోళాలాడానో అన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

మధ్యాహ్నం భోజనాలకి ఆపారు. మిగిలినవి పనివాళ్లకే పెడతారు. మయుకో రెండు గిన్నెల్లో అన్నం మీద చేప పెట్టి తెచ్చి, "ఇది గెలిచేదండీ, నేను వండాను. మీ ముందు పెట్టడానికి భయంగానే ఉంది" అంది. తోకిజి మర్యాదకి ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. రెండోది తిన్నాడు. మూడు, నాలుగు. తలెత్తకుండా గిన్నె ఖాళీ చేశాడు. అడుగున ఉన్న ఉమె గింజ ముక్కని పుల్లలతో పైకి తీసి చూశాడు.

"ఈ పులుపు ఎవరు వెయ్యమన్నారు?"

"పుస్తకంలో ఉందండీ. మిసో తగ్గించి, ఊరగాయ గింజతో సహా చితక్కొట్టి వెయ్యాలని."

"ఏ పుస్తకంలో?"

"అదేనండీ... ఆ వారం కథలోనే. ఆ పిల్ల గెలిచే చోట."

తోకిజి నా వంక చూశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఈ మనిషి తను ఓడిన పేజీ దాటి చదవలేదు! సగంలో మూసి నూనె డబ్బాలో పడేశాడు. గెలిచింది సుమియె వంటేనని తెలిసి కూడా మండిపడుతున్నాడని నేననుకున్నాను, టీవీలో చూసే ఉంటాడనుకున్నాను. అక్కడా ఓడగానే కట్టేశాడట! సుమియె పేరెత్తితే నొచ్చుకుంటాడని నేను నోరు మూసుకున్నాను. ఊళ్లో అందరి గుట్టూ విప్పే నా నోరు ఆ ఒక్క విషయంలో మూతపడింది చూడండి.

ఈలోగా చిహారు వచ్చింది. జుట్టు నెరుస్తోంది, వంగి నడుస్తోంది. దూరంగానే ఆగి నడుం వంచి దణ్ణం పెట్టింది.

"బాబాయ్, కోపం పోయిందా?"

"ఇది ఎక్కడ తిన్నావ్?"

"మీ వెనక గుమ్మంలో. బుధవారాలు పిన్ని పెట్టేది. రోజంతా కూర్చునేదానివి, ఆయన వండేది మోతపని చేసేవాళ్లకి, నువ్వు ఇది తిను అనేది. మీ కూరని ఒక్క మాట అననిచ్చేది కాదు. కింద రాశాను కదా బాబాయ్, ఆఖరి పేజీలో."

మయుకో పుస్తకం తెచ్చి తెరిచింది. ఆఖరి బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాలు. నేనే చదివి వినిపించాను, అతని కళ్లకి ఆనవు. 'బుధవారాల వెనక గుమ్మానికి.' అంతే ఉంది.

"ఆస్పత్రిలో కూడా పడుకునే ఉండేది కదా" అన్నాడు తోకిజి, మాలో ఎవరితోనూ కాదు. "నేనేమో మోతపని కూర పట్టుకెళ్లాను. ఒక్క మాట అడగొచ్చు కదే, పిచ్చిదానా."

అందరి ముందూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దాచేదేముంది?

మర్నాడు హోటలు తెరవలేదు. ఆ మర్నాడూ తెరవలేదు. అన్నమాట ప్రకారం మూసేశాడనుకుని, మూడో రోజు టోఫు పట్టుకుని వెనక గుమ్మంలోంచి తొంగి చూశాను. మెట్ల కింద ఉండే ఉమె ఊరగాయ జాడీ బల్లమీద ఉంది. మూతకి అంటించిన కాగితం మీద సుమియె చేతిరాత, ఆవిడ ఆఖరిసారి ఊరబెట్టిన సంవత్సరం. ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ ముట్టలేదు. అన్నం కుక్కరుకి ఆ బొమ్మల పుస్తకం ఆనించి, భూతద్దం పట్టుకుని, తోకిజి ఆ పదిహేనేళ్ల పిల్ల ఏం చేస్తోందో చూస్తున్నాడు.

"మిసో ఎంత వేసిందే ఇది? బొమ్మలో చెంచా కనపడట్లేదు."

"నీ అలవాటుకి సగం వెయ్యి, సరిపోతుంది."

"మొన్న రెండు గిన్నెలు, నిన్న రెండు పారబోశాను."

అయిదోది దించాడు. ముందు సుమియె ఫొటో దగ్గర ఒక గిన్నె నిండా పెట్టి, "ఇది నీదే. మొత్తం తిను" అన్నాడు. తర్వాత ఇంకో గిన్నె నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

నేను మొదటి ముద్ద తిన్నాను. బాగుందన్నాను. అతను వినలేదు, నా చేతి వంకే చూస్తున్నాడు. రెండో ముద్ద తిన్నాను. మూడోది తీసుకునేసరికి అతని పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. నాలుగోది కూడా తిన్నాను. అప్పుడు లేచి, కుర్చీ లాక్కుని, పాత చెక్కని గోడకి తగిలించాడు. 'కానాగంత' అన్న పాత అక్షరాల పైన కొత్త సిరాతో 'సుమియె' అని రాసి ఉంది.

"మరి నీ కూరో?" అన్నాను.

"నాది ఓడిపోయింది కదే, టోఫూ" అన్నాడు, కుర్చీ దిగుతూ. "తలుపు తియ్యి. జనం వచ్చే వేళైంది."